ఒక్క కిలో గొట్టం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తరువాత కాలం ఎలా గడుపుతున్నారో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నాకు ముందు మాట్లాడిన మిత్రులు తీర్థయాత్రల గురించి, పెరటి తోటల గురించి చక్కగా చెప్పారు. నేను చెప్పబోయేది కొంచెం వింతగా ఉంటుంది. మా మనవడూ నేనూ కలిసి ఒక పాత మారుతి 800 కారు విప్పి, ఆ సామానుతో ఇసుకలో నడిచే తేలికపాటి బగ్గీ ఒకటి తయారుచేశాం. దానికి తలుపులు లేవు, అద్దాలు లేవు, పైకప్పు లేదు. మా ఇంటావిడ దానికి "ఇనప మంచం" అని పేరు పెట్టింది. చూడటానికి అలాగే ఉంటుంది.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. విజయనగరంలో చేరి, శ్రీకాకుళంలో రిటైరయ్యాను. బస్సు చాసిస్ దగ్గర మేము నేర్చిన పాఠం ఒక్కటే: అనుమానం ఉన్నచోట ఇంకో పట్టీ వెయ్యి. అది పెద్ద బండికి సరిపోయింది. చిన్న బండి దగ్గరకు వచ్చేసరికి నా పాఠం నాకే అడ్డం తిరిగింది. ఆ సంగతి చెప్పడానికే ఈ మాటలు.

ముందు కారు ఎలా వచ్చిందో చెబుతాను. ఉద్దానంలో సోంపేట దగ్గర మా అత్తవారికి కొబ్బరితోట ఉంది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా నేలకూలాయో మీరంతా చూసినవారే. మా బావమరిది కారు మీద ఒక చెట్టు పడింది. కప్పు సీట్ల దాకా దిగిపోయింది. పదిరోజుల తరువాత బానెట్ ఎత్తి, బ్యాటరీ మార్చి తాళం తిప్పితే ఇంజను మాత్రం మొదటిసారికే అందుకుంది. "బావా, పాత ఇనుముకి అమ్మీమంటావేటి?" అన్నాడు. అప్పుడు మనవడు ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. "తాతా, అమ్మొద్దు" అన్నాడు.

వాడి ఆశకు కారణం ఉంది. 2007 నుంచి మన దేశంలో ఎస్ఏఈ ఇండియా అనే ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం వారు ఇంజనీరింగు విద్యార్థులకు "బాహా" అనే పోటీ పెడుతున్నారు. గుంటలూ మిట్టలూ దాటే ఒంటి సీటు బండిని పిల్లలే తయారుచేసుకుని రావాలి. వాడు కాలేజీ జట్టులో ఆ లెక్కలు నేర్చుకున్నాడు. ఇటువంటి పని లోకానికి కొత్తదేమీ కాదు. 1964లో అమెరికాలో, కాలిఫోర్నియా సముద్రతీరంలో, పడవలు కట్టడం తెలిసిన బ్రూస్ మేయర్స్ అనే ఆయన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు సామాను మీద ఫైబర్‌గ్లాసు తొట్టి బిగించి ఇసుకబండి చేశాడు. తరువాత బీటిల్ అడుగుభాగాన్ని సుమారు 14 అంగుళాలు కోసి పొట్టి చేసి, దాని మీద ఆ తొట్టి బిగించేవారు. ఫైబర్‌గ్లాసు తొట్టి బగ్గీలకు అదే పెద్దన్న.

మనం ఉద్యోగులం కాబట్టి ముందు కాగితం పని చూశాను. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం బండి శాశ్వతంగా పనికిరాకుండా పోతే యజమాని ఆ సంగతి రవాణా శాఖకు తెలిపి ఆర్.సి. అప్పగించాలి. బావమరిది చేత ఆ పని చేయించాను. 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చి రోడ్డు మీద నడపకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుచేత మా బగ్గీకి నెంబరు ప్లేటు లేదు. అది తోట కంచె దాటదు. మీ మనవలు ఎవరైనా ఇటువంటి ముచ్చట పడితే ముందుగా ఈ రెండు సెక్షన్లూ చదివించండి.

ఇక పని. మారుతి 800 మన దేశంలో 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి వరకు తయారైంది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. కారు బరువు సుమారు 650 కిలోలు. ఇంజను, గేరుబాక్సు, ముందు చక్రాలను తిప్పే ఇరుసులు అన్నీ ఒకే ముద్దగా ముందు ఉంటాయి. ఆ ముద్దను మొత్తంగా విప్పి సీటు వెనక బిగిస్తే వెనక చక్రాలతో నడిచే బండి అవుతుంది. ఇసుకలో వెనక బరువు ఉంటేనే చక్రం పట్టు దొరుకుతుంది. స్టీరింగు కోసం అటూ ఇటూ తిరిగే చక్రాలు ఇప్పుడు వెనకకు వచ్చాయి కదా, అక్కడ అవి తిరగకుండా కడ్డీలతో బంధించాలి. ముందు చక్రాలకు పాత సామాను దుకాణంలో ఇంకో జత హబ్బులు కొన్నాం. వాటిలో ఇరుసు అక్కర్లేదని తీసేయబోయాను. కాని ఆ ఇరుసు చివరి ముక్కే నట్టుతో కలిసి బేరింగును బిగించి పట్టుకుంటుంది. ఆ ముక్కను కోసి లోపలే ఉంచాం.

చట్రానికి బాహా పోటీలో వాడే కొలతే తీసుకున్నాం: బయటి వ్యాసం 25.4 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు ఉన్న ఉక్కు గొట్టం. వంచేటప్పుడు గొట్టం నొక్కుకుపోకుండా బాగా వేయించిన పొడి ఇసుక దట్టించి, రెండు చివరలా బిరడాలు కొట్టి, కాల్చి వంచాను. ఇసుకలో తడి ఉంటే ఆవిరై బిరడా తుపాకిగుండులా ఎగురుతుంది. ఇది కాలేజీలో చెప్పరు. మనవడు నోరు తెరిచి చూశాడు. నాకు కొంచెం గర్వం వచ్చిన మాట నిజం.

ఆ గర్వమే కొంప ముంచబోయింది. బండిని వ్యాను మీద ఎక్కించి వేబ్రిడ్జి మీద తూయించాం. వ్యాను బరువు తీసేస్తే 460 కిలోలు. నాలుగువందల యాభైకి తేవాలని నాకు పట్టుదల పుట్టింది. బస్సుకు పట్టీలు కలపడం నేర్చినవాణ్ణి, తేలిక బండి అంటే అందుకు తిరగేసి చేయడమే అనుకున్నాను. చేత్తో తట్టుకుంటూ, ఊరికే ఉన్నట్టు కనిపించినవన్నీ తీసేస్తూ వచ్చాను. ఇంజను కింద కుడి ఎడమ సస్పెన్షను బ్రాకెట్లను కలుపుతూ అడ్డంగా రెండడుగుల గొట్టం ఒకటి ఉంది. బండి నిలబడి ఉండగా దాన్ని పట్టుకు ఊపితే ఏ బరువూ మోస్తున్నట్టు లేదు. "తాతా, అది తియ్యొద్దు, ఒకసారి లెక్క చూడనీ" అన్నాడు వాడు. "ముప్పై నాలుగేళ్లు చూశానురా" అని కోసేశాను. వాడు మారు మాట్లాడలేదు.

మూడో రోజు సాయంత్రం వాడు నడుపుతున్నాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. ఇసుక మెత్తగా ఉన్నచోట మలుపు తిప్పాడు. టప్పున ఒక చప్పుడు. వెనక ఎడమ చక్రం లోపలికి మడత పడింది, బగ్గీ పక్కకు ఒరిగి పూర్తిగా పల్టీ కొట్టింది. నేను పరుగెత్తాననుకున్నాను గాని కాళ్లు ఇసుకలోంచి రాలేదు. బెల్టు కట్టుకుని ఉన్నాడు. తల పైనున్న గొట్టాల పంజరం చెక్కుచెదరలేదు. తలకిందులుగా వేలాడుతూనే ఇంజను కట్టేసి, "తాతా, నాకేటీ కాలేదు" అని అరిచాడు. ముంజేతి మీద చిన్న గీత, అంతే.

ఆ రాత్రి వాడు కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. బండి నేరుగా పోతున్నంతసేపూ ఆ గొట్టానికి పని లేదు. మలుపులో టైరు పక్కనుంచి తోసే బలమంతా సస్పెన్షను చేతి గుండా బ్రాకెట్టు మీదికి వస్తుంది. ఒక బ్రాకెట్టు లోపలికి వంగకుండా రెండోదాని ఆసరా అందించేది ఆ గొట్టమే. అది లేకపోయేసరికి వెల్డింగు దగ్గర రోజురోజుకూ బీట పెరిగింది. నాలుగు వెదుళ్లతో చదరంగా కట్టిన చట్రం మూల నుంచి తోస్తే వాలిపోతుంది, అడ్డంగా ఐదో వెదురు కడితే కదలదు. పాక కప్పే ప్రతివాడికీ తెలిసిన సంగతి. నేను తీసేసింది అటువంటి వెదురునే.

తరువాత వాడు ఇంకో లెక్క చేశాడు. ఆ గొట్టం మీటరుకు సుమారు 1.66 కిలోలు. రెండడుగుల ముక్క ఒక్క కిలో. ఆ వేబ్రిడ్జి పది కిలోల లోపు తేడా చూపించదు. అంటే కాటాకు కూడా కనపడని ఒక్క కిలో కోసం నేను పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చాను.

మర్నాడు వాడి ముందు తప్పు ఒప్పుకున్నాను. మనవడికి తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో ఇక్కడున్న తాతలకు వేరే చెప్పక్కర్లేదు. వాడు నవ్వి, "వెల్డింగు మాత్రం నువ్వే చెయ్యాలి తాతా" అన్నాడు. అడ్డ గొట్టం మళ్లీ పెట్టి, ఐమూలగా ఇంకోటి కలిపాం. అప్పటినుంచి మాకు ఒక నియమం ఉంది. ఏది తీసినా, బండి నిలబడినప్పుడు, బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు అది ఏం మోస్తోందో వాడు రాసి చూపిస్తాడు, నేను సంతకం పెడతాను. ఇద్దరిలో ఎవరికి అనుమానం ఉన్నా రంపం పట్టం.

వాడిప్పుడు ఉద్యోగంలో చేరాడు. సంక్రాంతికి వస్తే ఇద్దరం తోటలో రెండు చుట్లు తిరుగుతాం. మలుపు దగ్గర వాడు నా వైపు చూస్తాడు, నేను ఎడమ చక్రం వైపు చూస్తాను.

 చూడాలనుకున్న మిత్రులు సోంపేట వైపు వచ్చినప్పుడు తోటకు రండి. బెల్టు కట్టుకోనిదే ఎవరినీ ఎక్కించను. సెలవు.