ఇంట మిగిలినవాళ్ల సాక్ష్యం

ఇంటి ధర్మం, రాజకీయ నిబద్ధత అన్న అంశం మీద పలాసలో కూర్చుని మాట్లాడుకోవడం సబబే. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగిన ఊరిది. ఆ ఏడాదే ఏప్రిల్ 1న, మందస జమీందారీ అడవిలో కట్టెల కోసం రైతులు చేసిన పోరాటంలో, గుడారి రాజమణిపురం గున్నమ్మ పోలీసు కాల్పులకు బలైంది. అప్పటికామె గర్భవతి.

ఇంటి ధర్మానికీ రాజకీయ నిబద్ధతకూ మధ్య తగవు చైనాలో చాలా పాతది. తండ్రి గొర్రెను దొంగిలిస్తే కొడుకే సాక్ష్యం చెప్పాడని ఒక ప్రభువు గొప్పగా చెప్పుకుంటే, కన్ఫ్యూషియస్ ఒప్పుకోలేదు. తండ్రీకొడుకులు ఒకరినొకరు కాచుకోవడంలోనే నిజాయితీ ఉందన్నాడు. పురాణ పురుషుడైన షున్ చక్రవర్తి తండ్రే హత్య చేస్తే ఏమవుతుందని, కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తత్వవేత్త మెన్షియస్‌ను శిష్యుడు నిలదీశాడు. న్యాయాధికారిని షున్ ఆపడు, సింహాసనాన్ని పాత చెప్పులా వదిలేసి తండ్రిని వీపున మోసుకుంటూ సముద్రపు ఒడ్డుకు పారిపోతాడు అన్నది ఆయన జవాబు. రాజశాసనమే ముఖ్యమన్న తత్వవేత్త హాన్ ఫెయ్‌కి ఇదంతా గిట్టదు. ముసలి తండ్రి కోసం మూడు యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన సైనికుణ్ణి చూపించి, ఇలాంటి మంచి కొడుకే రాజుకు ద్రోహి అని తేల్చాడు.

ఈ కథలన్నింటిలో ముసలి తండ్రి నోరు విప్పడు. మన శ్రీకాకుళ ఉద్యమ సాహిత్యం మీదా నా ఫిర్యాదు ఇదే.

ఆ ఉద్యమ నాయకుడు పంచాది కృష్ణమూర్తిని 1969 మే 27న పోలీసులు కాల్చి చంపారు. భార్య నిర్మల ఇల్లు పట్టుకుని ఉండిపోలేదు. అదే ఏడాది డిసెంబరు 22న రంగమాటియా కొండల్లో, బొడ్డపాడు గుడి పూజారిగా ఉంటూ జముకు పట్టి కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహితో పాటు ఆమె కూడా నేలకొరిగింది. వీళ్ల గురించి మనం పాటలు కట్టుకున్నాం, కథలు రాసుకున్నాం. రాయాల్సిందే.

కానీ ఇక్కడి పల్లెలను కల్లోలిత ప్రాంతంగా ప్రకటించాక పోలీసులు వచ్చి నిలదీసింది ఎవరిని? ఇంట ఉన్న తల్లిని, తండ్రిని. గొర్రె కథ ఇక్కడ తిరగబడింది. కొడుకు జాడ చెప్పమని రాజ్యం తండ్రినే సాక్ష్యం అడిగింది. కొడుకు దారి నచ్చని తండ్రి కూడా పెదవి విప్పకపోతే ఆయన్ని ఏ పక్షాన నిలబెడతాం? కన్ఫ్యూషియస్ మెచ్చిన ధర్మమూ అదే, ఉద్యమానికి అక్కరకొచ్చిన నిబద్ధతా అదే. ఈ రెండింటికీ ఎప్పుడూ పొసగదన్న హాన్ ఫెయ్ తీర్పు మన ఉద్దానం ప్రాంతంలో నిలవదని నా నమ్మకం. ఉద్యమకారుల చేతుల్లో హతమైన భూస్వాముల ఇళ్లలోనూ భార్యాబిడ్డలున్నారు. వాళ్ల మాటకూ మన పుస్తకాల్లో చోటు దొరకాలి.

1969లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. ఈ తీరంలో కిడ్నీ జబ్బు ఎందరినో ముందే తీసుకుపోయింది. యువ రచయితలారా, టెక్కలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లకు వెళ్లండి. కాశీబుగ్గలో జీడిపప్పు పొర ఒలుస్తున్న ముసలమ్మల పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పింది వాళ్ల యాసలోనే రాసి పెట్టండి. కథగా మలచడం తర్వాత చూసుకుందాం.