పాత బండి కొనువారి హక్కులు



చిన్న రసాలకును, పెద్ద రసాలకును, బంగినపల్లికిని పేరుగన్న నూజివీడు సీమలో కోతల దినములలో కాలమునకు గల విలువ మీకు వేరుగా చెప్పనక్కరలేదు. కోసిన కాయ బండి కొరకు వేచియుండదు. క్రొత్త బండి కొనజాలనివారు పాత కారునో, సరుకుల చిన్న బండినో కొనుచుందురు. అందు తప్పేమియు లేదు. కాని నున్న మార్కెట్టుకు కాయతో బయలుదేరిన బండి నడిదారిలో ఇంజను చెడి నిలిచిపోయినచో, ఆనాటి కాయయు, అప్పు తెచ్చిన సొమ్మును రెండును పోవును. అట్టివేళ "మన కర్మ" యని ఊరకుండువారు కలరు. మేము చెప్పవచ్చినది ఒక్కటే: అది కర్మ కాదు. వ్యాపారి దాచిన లోపమునకు వ్యాపారియే బాధ్యుడు.

1930 నాటి సరకుల విక్రయ చట్టము ఈ విషయమున మామిడికాయ బేరగాని వలెనే ఆలోచించును. కాయపై మచ్చ కనబడుచుండగా చేతపట్టి చూచి కొన్నవాడు తరువాత తగవులాడరాదు. టెంకలోని పురుగు మాట వేరు. అది పైకి కనబడదు. అట్లే పరీక్షించి కొన్న బండిలో, ఆ పరీక్షకు దొరకవలసిన లోపములు కొన్నవానివి. దానికి అందనివి అమ్మిన వ్యాపారివి. తిరిగిన కిలోమీటర్ల లెక్కను వెనుకకు త్రిప్పుట, ప్రమాదమున దెబ్బతిన్న చట్రమును రంగువేసి కప్పిపుచ్చుట ఈ రెండవ తెగలోనివి. అయితే పాత బండి నుండి క్రొత్తదాని గుణము కోరరాదు. వాడుకలో కలిగిన సహజమైన అరుగుదల లోపము క్రిందికి రాదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. బాడుగకు త్రిప్పుటకై బండి కొన్నవాడు వినియోగదారుడగునా యని కొందరు శంకింతురు. పూర్వపు చట్టము క్రింద ఈ శంకను సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో తీర్చినది. జీవనోపాధికై లారీ కొని స్వయముగా నడుపుకొనువాడు వినియోగదారుడే. కేవలము ఇతరులచేత నడిపించుటకు కొన్నవాడు కాడు. ఆ సూత్రమే నేటి చట్టమునందును కలదు. ఇంటి వాడుకకు కారు కొన్నవారి విషయమున ఈ ప్రశ్నయే లేదు. వ్యాపారి కాని పొరుగువానివద్ద కొన్నచో మాత్రము ఈ మార్గము అంత సుగమము కాదు; సివిలు కోర్టుకు పోవలసి రావచ్చును.

సొమ్ము చెల్లించుటకు పూర్వమే నమ్మకమైన మెకానిక్కుచే బండిని పగటివేళ చూపించుడు. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండిపైనున్న వానితో సరిచూడుడు. ఫైనాన్సు బాకీ తీరినట్లు పత్రము కోరుడు. "ప్రమాదము జరుగలేదు, ఇన్ని కిలోమీటర్లే తిరిగినది" యని అమ్మువాడు నోటితో చెప్పినదానినే రసీదుపై వ్రాయించి సంతకము చేయించుడు. వ్రాయుటకు వెనుదీసినవాని మాటను నమ్మకుడు. కొన్న పిమ్మట 30 దినములలో యాజమాన్యపు మార్పునకు రవాణాశాఖకు దరఖాస్తు చేసికొనుడు.

లోపము బయటపడినచో తొందరపడి ఇంజను విప్పించి సాక్ష్యమును చెరుపుకొనకుడు. మెకానిక్కు అభిప్రాయమును వ్రాతలో తీసికొని, అమ్మినవానికి స్పీడుపోస్టులో ఉత్తరము పంపి రసీదు భద్రపరచుడు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అప్పటికిని న్యాయము జరుగనిచో, 2 సంవత్సరముల లోపల జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయుడు. బండి హైదరాబాదులో కొన్నను మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. లోపము రుజువైనచో కమిషను దానిని సరిచేయింపవచ్చును, వెలను తిరిగి ఇప్పింపవచ్చును, నష్టపరిహారమును విధింపవచ్చును.

తోటను గుత్తకు పట్టునపుడు చెట్టు చెట్టునకు తిరిగి పిందె చూచుకొను మీకు, బండి కొనునపుడు ఒక కాగితము వ్రాయించుకొనుట భారము కానేరదు. ఆ కాగితమే రేపు మీ పక్షమున సాక్ష్యము పలుకును. దానిని పదిలపరచుకొనుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.