కొన్న వస్తువుకు కొత్త పండుగ లేదు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆదివాసీ ప్రజల గురించి ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన కార్యవర్గం 1982 ఆగస్టు 9న మొదటిసారి సమావేశమైంది. ఆ రోజునే ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా జరుపుకోవాలని 1994లో నిర్ణయించారు. ఈ రోజున మనం భూమి గురించి, అడవి గురించి, భాష గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ పెద్ద విషయాలే. మేము మాత్రం ఒక చిన్న విషయం గురించి మాట్లాడతాం. మనం తినే విస్తరి, సంతకు పట్టుకెళ్లే సంచి, పండుగలో నీళ్లు తాగే గ్లాసు. వీటికీ అడవి హక్కుకూ సంబంధం ఉంది.

ముందుగా కొత్త పండుగ సంగతి. మన మన్యంలో మామిడి చెట్టు విరగకాసినా కొత్త చేయకుండా కాయ కోయరు. మామిడి కొత్త, సామ కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త అంటూ ఒక్కోదానికి ఒక్కో రోజు ఉంది. ఊరంతా కలిసి దేవతకు పెట్టాకే నోట పెట్టుకోవాలి. తెగను బట్టి, ఊరిని బట్టి పండుగ పేరు మారుతుంది కానీ నియమం మారదు.

పట్నంలో చదివి వచ్చిన మన పిల్లలు కొందరు ఇది మూఢనమ్మకం అంటారు. ఆ మాటకు కోపం తెచ్చుకోనవసరం లేదు. ఆ నియమం వల్ల ఏం జరుగుతుందో చూడండి. కాయ ముదిరే దాకా ఆగుతాం కాబట్టి టెంక గట్టిపడుతుంది, కిందపడ్డది మొలకెత్తుతుంది. ఊరందరికీ ఒకటే రోజు కాబట్టి చేతనైనవాడు ముందే దులుపుకుపోవడం ఉండదు. దేవతకు పెట్టి తింటాం కాబట్టి ఇది మన సొంత సంపాదన కాదు, కొండ ఇచ్చిందని గుర్తుంటుంది. అంటే ఎప్పుడు తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి, తీసుకున్నాక ఏం మిగలాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు ఆ ఒక్క పండుగలో ఉంది. 2015లో ఐక్యరాజ్యసమితి ప్రపంచానికి 17 లక్ష్యాలు పెట్టింది. బాధ్యతగా వాడుకోవడం అందులో 12వది. మన ముసలమ్మలు ఆ కాగితం చదవలేదు, చదవకుండానే పాటిస్తున్నారు.

అయితే ఇక్కడొక చిక్కుంది. కొండ మీద కాసినదానికి కొత్త ఉంది. సంతలో కొన్నదానికి లేదు. చిప్స్ ప్యాకెట్‌కు, షాంపూ పొట్లానికి, ప్లాస్టిక్ గ్లాసుకు ఎప్పుడు, ఎంత, తర్వాత ఏం మిగులుతుంది అని అడిగే ఆచారం మనకు లేదు. అవి పెద్దల కాలంలో లేవు కాబట్టి వాళ్లు ఆ నియమం పెట్టలేదు. ఆ పని మీ తరానిది.

అడ్డాకు సంగతే తీసుకోండి. అడ్డ తీగ పెద్ద పెద్ద చెట్లను చుట్టుకుని పైదాకా పాకుతుంది. ఆకు పశువు గిట్టలా రెండు పాయలుగా ఉంటుంది. నారతో తాడు పేనుతాం, పిక్కలు తింటాం, ఆకులను సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్లు చేస్తాం. భోజనం అయ్యాక ఆ విస్తరిని పశువు తింటే తింటుంది, లేకపోతే పెంటలో కుళ్లి పొలానికి ఎరువవుతుంది. తర్వాత ఏం మిగులుతుంది అన్న ప్రశ్నకు అడ్డాకు చెప్పే జవాబు మట్టి.

ఇప్పుడు మన సంతల్లో ఏం జరుగుతోంది? పొద్దున్నే మన తల్లులు అడ్డాకు కట్టలు నెత్తిన పెట్టుకుని దిగుతారు. బేరగాడు అడిగిన ధరకు ఇచ్చేస్తారు. ఆ ఆకు మైదానానికి పోయి, విస్తరిగా మారి, పర్యావరణానికి మంచిదన్న పేరుతో పట్నం పెళ్లిళ్లలో మంచి ధర పలుకుతుంది. అదే సంతలో మధ్యాహ్నం మనవాళ్లు ఇంట్లో పెళ్లికి మెరిసే ప్లేట్లు, గ్లాసులు కట్టలు కట్టలుగా కొనుక్కుని కొండెక్కుతారు. వాళ్లు మన ఆకులో తింటున్నారు, మనం వాళ్లు వదిలేసిన ప్లేటులో తింటున్నాం. ఆకులో పెడితే చుట్టాలు పేదవాళ్లనుకుంటారేమో అన్న నామోషీ దీనికి ఒక కారణం. ఈ నామోషీ ముందు పోవాలి.

కాగితం గ్లాసు కదా, కుళ్లిపోతుంది అనుకోవద్దు. టీ కారకుండా ఉండాలని ఆ గ్లాసుకు లోపల పలుచని ప్లాస్టిక్ పూత వేస్తారు. కాగితం నానిపోయినా ఆ పొర నేలలో ఉండిపోతుంది.

ఒక లెక్క వేద్దాం. ఒక ఇంటివాళ్లు వారం సంతలో 8 ప్లాస్టిక్ కవర్లు తెచ్చుకున్నారనుకోండి. ఏడాదికి 416. ఊళ్లో 60 ఇళ్లుంటే దాదాపు 25 వేలు. పట్నంలో అయితే చెత్తబండి వస్తుంది. మన ఊళ్లలో చాలా చోట్ల ఆ బండి లేదు. కాబట్టి ఆ 25 వేల కవర్లు ఎక్కడికీ పోవు. కొన్ని గెడ్డలో కొట్టుకుపోతాయి, కొన్ని మేకలు, ఆవులు తిని కడుపులో అడ్డుపడి చస్తాయి, మిగిలినవి కాలుస్తాం. పొయ్యి రాజేయడానికి కవరు ముట్టించే అలవాటు కూడా వచ్చింది. ప్లాస్టిక్ పొగ విషం. ఆ పొగను ముందు పీల్చేది పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ, ఆమె ఒళ్లో ఉన్న పసిబిడ్డ.

గెడ్డలో పోయింది కూడా పోయినట్టు కాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల మీదుగా తాటిపూడి జలాశయానికి చేరుతుంది. అక్కడి నుంచి విశాఖపట్నానికి తాగునీరు వెళుతుంది. మాచ్‌ఖండ్ నీళ్లు సీలేరై, శబరిలో కలిసి, గోదావరికి చేరతాయి. మనం నీటికి పైన ఉన్నవాళ్లం. పైన ఉన్నవాళ్ల చేతిలో కిందివాళ్ల ఆరోగ్యం ఉంటుంది.

ఇది విని, భూమి పాడవడానికి ఆదివాసీలే కారణమా అని మీరు అడగవచ్చు. కాదు. కారు, ఏసీ, ఫ్యాక్టరీ ఉన్నవాళ్లు వాడేదానితో పోలిస్తే మన వాడకం లెక్కలోకే రాదు. వంజంగికి మంచుమేఘాలు, లంబసింగికి చలి చూడటానికి వచ్చేవాళ్లు సీసాలు, ప్యాకెట్లు వదిలి దిగిపోతున్నారు. ఆ చెత్తకు జవాబు చెప్పాల్సింది వాళ్లు. తయారుచేసి అమ్మే కంపెనీలకు, ప్రభుత్వానికి కూడా బాధ్యత ఉంది. కానీ ఆ మాట గట్టిగా అడగాలంటే ముందు మన పందిరి కింద శుభ్రంగా ఉండాలి. మన పండుగ మైదానంలో ప్లాస్టిక్ గ్లాసుల కుప్ప పెట్టుకుని, కొండ మీద సీసా పారేయకు అని యాత్రికుడికి ఎలా చెబుతాం?

చట్టం మన వైపే ఉంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులను ఆ ఏడాది చివరి నుంచి ఆపేశారు. అయినా సంతలో దొరుకుతున్నాయి, అది మనందరం చూస్తున్నదే. ఇంకో చట్టం మనం పోరాడి తెచ్చుకున్నది, 2006 అటవీ హక్కుల చట్టం. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది అదే. దాని 5వ సెక్షన్ అడవిని, జీవవైవిధ్యాన్ని, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అడ్డాకు మీద హక్కు, గెడ్డ మీద బాధ్యత ఒకే చట్టంలో పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయలేం.

ఇక చేయాల్సిన పనులు. మేము పెద్ద జాబితా ఇవ్వం, నాలుగే చెబుతాం.

మొదటిది, మన సంఘం జరిపే ఏ పండుగకైనా, సభకైనా భోజనం అడ్డాకులోనే పెడదాం. నీళ్లు కుండలో, స్టీలు గ్లాసుతో. ఇక్కడ ఒక మాట. విస్తళ్లు కుట్టే చాకిరీ మళ్లీ ఆడవాళ్ల మీదే పడితే ఈ తీర్మానం నిలబడదు. పండుగకు రెండు రోజుల ముందు మగపిల్లలూ కూర్చుని కుట్టాలి. చేతకాకపోతే అమ్మమ్మ దగ్గర నేర్చుకోండి. ఆమె దగ్గర కూర్చుంటే విస్తరితో పాటు మన మాట కూడా వస్తుంది.

రెండోది, ఊరికి ఒక కంచాల పెట్టె. తలా కొంత వేసుకుని వంద కంచాలు, వంద గ్లాసులు కొనండి. పెళ్లికి, కర్మకు, కొత్తకు ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకెళ్లి కడిగి తిరిగి ఇవ్వాలి. ఆకు దొరకని రోజుల్లో అదే ఆదుకుంటుంది. రెండు మూడు పెళ్లిళ్లకు ప్లేట్లు కొనే డబ్బు మిగిలితే పెట్టె ఖర్చు తీరడం మొదలవుతుంది.

మూడోది, సంతకు గుడ్డ సంచి, నూనెకు సొంత సీసా. బియ్యం బస్తాను కుట్టించుకున్నా సంచే. ఇంట్లో ప్లాస్టిక్ కాల్చడం పూర్తిగా మానేద్దాం. తప్పక వచ్చిన ప్లాస్టిక్‌ను ఒక గోనెలో పోగుచేసి, మండల కేంద్రంలో పంచాయతీ తీసుకునేలా గ్రామసభలో తీర్మానం చేయించండి. తీర్మానం రాసేది చదువుకున్న మీరే.

నాలుగోది, ఆకు కోతకు కూడా ఒక కొత్త ఉండాలి. గిరాకీ పెరిగితే తొందరలో కొందరు తీగనే నరికేస్తారు. తీగ పోతే ఆకు పోయింది, పిక్క పోయింది, నార పోయింది. లేత ఆకు ముట్టకూడదు, తీగ నరకకూడదు, ఒక ఏడు కోసిన చోటికి విశ్రాంతి ఇవ్వాలి. ఈ నియమం గ్రామసభే పెట్టుకోవాలి. అప్పుడు పచ్చి ఆకు కట్టలుగా కాకుండా కుట్టిన విస్తళ్లుగా అమ్మే ఆలోచన చేయండి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన అటవీ ఉత్పత్తులు కొంటోంది. 2018లో వన్ ధన్ వికాస కేంద్రాలు వచ్చాయి. మీలో డిగ్రీ చదివి పని కోసం పట్నం వైపు చూస్తున్నవాళ్లు ఈ దారిని కూడా ఒకసారి చూడండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సెల్‌ఫోన్ వద్దని, ప్యాంటు వద్దని, పాత రోజుల్లోకి పొమ్మని మేము అనడం లేదు. కొనండి, వాడండి. కానీ చేతిలోకి తీసుకునే ముందు పెద్దలు మామిడికాయను అడిగిన మూడు ప్రశ్నలే దాన్నీ అడగండి. ఇప్పుడే కావాలా? ఇంత కావాలా? రేపు ఏం మిగులుతుంది? మూడోదానికి మట్టి అనో, మళ్లీ వాడుకునే కంచం అనో జవాబు వస్తే తీసుకోండి. పొగ అని వస్తే అక్కడే పెట్టేయండి.

వచ్చే కొత్త పండుగకు మీ ఊరి పందిట్లో ఏం పరిచారో సంఘానికి కబురు పంపండి. ఆకులు మేమూ కుడతాం.

జోహార్!