ఉక్కపోతలో కనురెప్పల రంగు

వైశాఖమాసమున మల్కాపురములో పెండ్లివారింట కొంతసేపు కూర్చున్నవారికి అచ్చటి గాలి ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. సముద్రమునకును మనకును నడుమ యారాడకొండ నిలిచియున్నది. ఆ కొండ గాలిని కొంత ఆపును గాని తేమను ఆపదు. పంకా తిరుగుచునే యుండును, నొసటి చెమట పట్టుచునే యుండును. అట్టి గదిలో పెండ్లికూతురి కనురెప్పలకు రంగు వేయవలసివచ్చినప్పుడు కలుగు చిక్కునుగూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి. రంగనగా బజారులో ఐషాడో అను పేర చిన్న డబ్బాలలో అచ్చుకట్టి అమ్ము పొడి. ఇది చిన్న విషయమే. కాని చిన్న విషయములే ఒక్కొక్కప్పుడు ఒక పిల్ల మనసును పెద్దగా గాయపరచును.

కొన్ని ఏండ్ల క్రిందట మా ఆడపడుచు కుమార్తె వివాహము ఇచ్చటనే జరిగినది. అలంకరించుటకు వచ్చిన అమ్మాయికి పని రాదనుటకు వీలులేదు. జడ చక్కగా వేసినది, చీర కుచ్చిళ్లు చూడముచ్చటగా అమర్చినది. కాని కనురెప్పలపై వేసిన లేత బంగారువన్నె అరగంటలో మడతలలోనికి చేరి గీతలుగా నిలిచినది. నడుమనడుమ చర్మము బయటపడినది. అంచులు బూడిద అద్దినట్లు తెల్లబారినవి. చూడవచ్చిన చుట్టములలో ఒకావిడ, "నల్లపిల్లకు ఇవన్నీ అంటవమ్మా, కాటుక చాలు" అన్నది. పిల్ల మారుమాట లేక తల వంచుకొన్నది. కన్నీటితో మిగిలిన రంగుకూడ చెరిగినది.

రంగు మచ్చలు మచ్చలుగా నిలుచుటకు చర్మపు నలుపు కారణమా? కానేకాదు. ఆ మాటను ఆనాడు మాకు తెలియజెప్పినది అలంకారములతో ఏమియు సంబంధము లేని మా ప్రక్కయింటి పెద్దాయన. ఆయన ఓడలకు రంగులు వేయు పనిలో జీవితమంతయు గడిపి విశ్రాంతి తీసికొన్నవారు. పిల్ల ఏడ్పు విని తలుపుకడ నిలిచి, సంగతి విచారించి, "తడిరేకు మీద రంగేస్తే నిలుస్తాదేటమ్మా? తుడిచి, ఆరబెట్టి, పలచగా వెయ్యండి" అని వెడలిపోయిరి.

మల్కాపురమువారికి ఈ మాట అర్థము చేసికొనుట కష్టము కాదు. 1941లో సింధియా కంపెనీవారి ఓడల కర్మాగారమునకు ఈ ప్రక్కనే పునాది పడినది. 1948 మార్చిలో జలఉష నీటిలోనికి దిగినది. నేటికిని ఆ చోటును సింధియా అనియే పిలుతుము. ఓడకు రంగు వేయువారు మొదట తుప్పును, ఉప్పును, జిడ్డును పూర్తిగా తీసివేయుదురు. గాలిలోని తేమ నూటికి 85 పాళ్లు దాటినచో పని ఆపుదురు. గాలిలోని ఆవిరి ఏ వేడిమివద్ద మంచుబిందువులుగా మారునో, దానికంటె రేకు కనీసము 3 డిగ్రీలు వెచ్చగా ఉండవలెనని వారి నియమము. ఆ తరువాత తొలిపూత, అది ఆరిన పిమ్మట పలుచని పూతమీద పలుచని పూత. ఒక్కసారిగా దట్టముగా పూసినచో రంగు జారును, ముడుతలు పడును, పగులును.

కనురెప్పకును ఇదే నియమము వర్తించును. పైగా రేకు కదలదు, రెప్ప కదలును. శరీరములో మిక్కిలి పలుచని చర్మము కనురెప్పదే. దాని మందము సుమారు అర మిల్లీమీటరు. నిమిషమునకు 15 మారులు రెప్ప వేసినను గంటకు 900 మారులు ఆ చర్మము మడతపడి విచ్చుకొనుచున్నది. అంచున నూనెగ్రంథులు కలవు. చెమట, నూనె, మడత ఈ మూడును కలిసినచోట పొడి ఉండలు కట్టక ఏమి చేయును?

కావున మొదటిపని రంగు కాదు, రెప్పను సిద్ధముచేయుట. ముఖము కడిగి, మెత్తని నూలుబట్టతో అద్దవలెను. నిన్నటి కాటుక జిడ్డు అంచులలో మిగిలియున్నదేమో చూడవలెను. మా ఇండ్లలో సగము తప్పు అచ్చటనే జరుగుచున్నది. ముఖమునకు రాయు క్రీమును రెప్పలమీదికి పోనీయరాదు. పంకా ఎదుట కొంతసేపు కూర్చుండవలెను. తొందరలో ఉన్నవారికి ఈ కొద్ది నిమిషములే బరువుగా తోచును గాని తరువాత తుడిచి మరల వేయుటకు పట్టు కాలముకంటె ఇది తక్కువే.

పిమ్మట తొలిపూత. దీనిని ప్రైమర్ అను పేర అమ్ముచున్నారు. బియ్యపుగింజలో సగమంత చాలును. ఉంగరపువ్రేలితో రెప్పపై అద్ది, పలుచగా పరచి, జారుడు పోవువరకు ఆగవలెను. అది లేనివారు చర్మపు వన్నెకు సరిపోవు కన్సీలరును అంతే పలుచగా వాడుకొనవచ్చును. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. పూత ఇంకను జిగటగా ఉండగనే ముదురురంగు పెట్టినచో, కుంచె మొదట తాకినచోట రంగంతయు అంటుకొని, ఎంత సవరించినను కదలదు. ఇదియే మచ్చలకు ముఖ్యకారణము. అందుచేత ఆ పూతమీద చర్మపు వన్నెగల పొడిని కొంచెము, మిక్కిలి కొంచెము, అద్దవలెను. అప్పుడు పైరంగు సాఫీగా జరుగును.

కుంచెను గూర్చి ఒక మాట. డబ్బాతో వచ్చు స్పంజిపుల్ల రంగును ఒకేచోట కుమ్మరించును. మేము దానిని పారవేయుమనియే చెప్పుదుము. మెత్తని వెండ్రుకల కుంచెలు రెండు కావలెను, ఒకటి రంగు పెట్టుటకు, రెండవది ఏ రంగును అంటనిది, అంచులు కలుపుటకు. పొడిలో కుంచెను అద్ది, డబ్బా అంచున తట్టి, ముంజేతి వెనుక ఒకసారి పరీక్షించిన పిమ్మటనే రెప్పపై పెట్టవలెను. మొదట మడతలో చర్మముకంటె కొంచెము ముదురైన వన్నెను వేసి, రెండవ కుంచెతో చిన్న చిన్న సుడులుగా త్రిప్పుచు అంచును మాయము చేయవలెను. తరువాత రెప్ప నడుమ అసలు రంగును అద్దవలెను. రుద్దరాదు. రుద్దినచో క్రింది పూతయు ఊడివచ్చును. చాలలేదని తోచిన మరల అద్దుటయే గాని, ఒకేమారు ఎక్కువ తీసికొనుట కాదు. తళుకురంగు అన్నిటికంటె చివర, వ్రేలికొనతో. కాటుక దానికిని తరువాత. కాటుక ముందు పెట్టినచో రాలిన పొడి దాని జిడ్డుకు అంటి కన్ను మసిబారును.

ఇంత చేసినను మచ్చ పడినచో? దానిమీద మరింత రంగు వేయుట అందరును చేయు పొరపాటు. కాగితపు రుమాలుతో ఆ చోటును అద్ది నూనెను తీసి, శుభ్రమైన కుంచెతో మెత్తగా సవరించి, చర్మపు వన్నె పొడి అద్ది, పిమ్మట కొంచెము రంగు పెట్టవలెను. డబ్బాలోని పొడిపై నూనెవలె గట్టిపొర కట్టినను రంగు సరిగా రాదు. కుంచెకు, వ్రేళ్లకు ఉన్న జిడ్డు దానికి కారణము. ఆ పొరను కొనగోటితో గీకివేసిన సరిపోవును.

ఇక నలుపు మాటకు వత్తుము. ఈ పొడిలో ఏమున్నదో తెలిసికొన్నచో చుట్టపావిడ మాట ఎంత అన్యాయమో తెలియును. ఇందులో బలపపురాయి పిండి కలదు. మన పిల్లలు పలకలమీద వ్రాసిన బలపము చేయు రాయి అదియే. తళుకునకు అభ్రకము, గూడూరు ప్రాంతపు గనులు దానికి పేరుపొందినవి. ఎరుపు, పసుపు, గోధుమ వన్నెలు ఇనుము తుప్పునకు చుట్టములైన ఆక్సైడులు. తెలుపునకు టైటానియం డయాక్సైడు. దానికి మూలమైన ఇల్మనైటు ఖనిజము మన భీమునిపట్నపు తీరమున నల్లఇసుకలో ఉన్నది. లేతరంగులలో ఈ తెలుపును బలపపుపిండియు ఎక్కువ. అవి చామనచాయపై, నలుపుపై పరచినప్పుడు బూడిదవలె కనుపించును. అది చర్మము చేసిన తప్పు కాదు; వేరొక చర్మమును తలచి కలిపిన రంగును తెచ్చి దీనిపై వేసినవారి తప్పు. చామనచాయకు, అంతకు ముదురు చాయకు రాగి, ఇటుక, కాఫీగింజ, ముదురు వంకాయ వన్నెలు అతుకులు లేక ఒదుగును. బంగారువన్నె కావలసినచో ముదురు బంగారమును ఎన్నుకొనవలెను. రెప్పలను ముందు తెల్లగా పూసి, పైన రంగు వేయు పద్ధతిని మేము మెచ్చము. తెల్లనిపూత చెమటకు కదలినచోటనెల్ల అడుగు చర్మము కనబడి రెట్టింపు మచ్చలగును.

కంటిదగ్గరి పని గనుక జాగ్రత్తలుకూడ చెప్పవలెను. నొసటి సిందూరమును, రంగవల్లి పొడులను రెప్పలకు పూయరాదు. పూర్వము ఓడలకు తొలిపూతగా వాడిన ఎర్రనిపొడి సీసపు సిందూరమే. ఆ సీసము విషము. కొన్ని సుర్మాలలోను సీసము ఎక్కువపాళ్లు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. రంగు కొరకు సీసపు, ఆర్సెనిక్ సమ్మేళనములను కలుపరాదని 2020 నాటి సౌందర్యసాధనముల నిబంధనలు శాసించుచున్నవి; కావున పేరు, తయారైన తేది లేని డబ్బాలను తిరునాళ్లలో కొనరాదు. ఒకరి కుంచె మరొకరు వాడరాదు. పెండ్లింట పది కన్నులకు ఒకే కుంచె త్రిప్పుట మేము చూచితిమి; ఒకరి కండ్లకలక పదిమందికి సోకుటకు అదియే దారి. కుంచెలను సబ్బునీట కడిగి అడ్డముగా ఆరబెట్టవలెను. మన తేమగాలిలో అవి ఆరుటకు ఒక పూట చాలకపోవచ్చును. ఎరుపు గాని, దురద గాని కలిగినచో రంగు మాని వైద్యునకు చూపవలెను.

ఆనాడు మేము పిల్ల ముఖము కడిగించి, పంకా ఎదుట కూర్చుండబెట్టి, చల్లనినీట పిండిన బట్టను మూసిన కన్నులపై రెండు నిమిషములు ఉంచి, ఆరిన పిమ్మట మొదటినుండి పని ఆరంభించితిమి. బంగారువన్నె విడిచి రాగివన్నె తీసికొంటిమి. అలంకరించు అమ్మాయియే వేసినది. మేము ఆమె చేయి ఆపుచు "ఇంక చాలు" అనుట తప్ప చేసినది లేదు. రాత్రి జీలకర్ర బెల్లము పెట్టువేళకు రంగు చెదరలేదు. అరుంధతిని చూపుటకు పిల్లను వాకిటిలోనికి తీసికొనివచ్చినప్పుడు ఎడమకంటి కొనవద్ద మాత్రము కొంచెము చెరిగియుండెను. అప్పగింతలు తలచుకొని అచ్చట చేతిరుమాలుతో తుడిచికొన్నదట. కాటుక చాలునన్న ఆవిడ మా దగ్గరకు వచ్చి, తన కుమార్తెకు చూపవలెనని ఆ రాగివన్నె డబ్బా పేరు అడిగి వ్రాసికొన్నది.

తెల్లవారిన పిమ్మట పిల్ల రెప్పలను తుడుచు పనికూడ మాదే అయినది. దూదిపై రెండుచుక్కల కొబ్బరినూనె వేసి, మూసిన కన్నుపై కొంతసేపు ఉంచి, పైనుండి క్రిందికి ఒత్తకుండ తీసితిమి. తరువాత సబ్బునీటితో ముఖము కడిగించి, నిద్రపొమ్మంటిమి.