విశ్వవిద్యాలయములలో స్త్రీపురుష భేదాధ్యయనము

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నన్ను విద్యనుగూర్చి ప్రసంగింపుమని కోరినారు. మన పిల్లలు ఎన్నుకొనుటకు జంకునదియు, ఎన్నుకొన్నచో పెద్దలు కలతపడునదియు నగు ఒక శాఖను గూర్చి చెప్పదలచితిని. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును, తిరుపతి శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునందును స్త్రీల అధ్యయనమునకు ప్రత్యేక కేంద్రములున్నవి. జెండరు, లైంగికత అను మాటలు అచట పాఠ్యవిషయములు. ఇవి చెవిని బడగానే “ఇదియు ఒక చదువేనా?” అని అడుగువారున్నారు. అడుగుట తప్పు కాదు. జవాబు చెప్పవలసినది మేము.

దేహము పుట్టుకతో వచ్చును. ఆ దేహమునుబట్టి లోకము పంచియిచ్చు పని, కూలి, కట్టుబాటు, భయము పుట్టుకతో రావు. ఈ రెంటి నడుమనున్న దూరమును పరిశీలించుటయే జెండరు అధ్యయనము. దీనికి మన గోదావరిఖని బొగ్గుబావులే ఉదాహరణము. 1952 నాటి గనుల చట్టపు 46వ సెక్షను స్త్రీని భూగర్భమున పనికి దిగనీయలేదు. పైన చేయు పనికైనను ఉదయము 6 గంటలనుండి సాయంకాలము 7 గంటలవరకే అనుమతి యుండెను. ఇది రక్షణకొరకే యనిరి. 1935లో అంతర్జాతీయ కార్మికసంస్థ చేసిన ఒడంబడికయు ఆ భావముతోనే పుట్టినది. ఆ రక్షణలో మేలు లేదని నేననను. కాని దానితోపాటు భూగర్భపు కూలియు, మేనేజరు పదవికి దారితీయు అనుభవమును స్త్రీకి అందకపోయినవి. 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటివేళ స్త్రీలు గనిలోనికి దిగవచ్చునని సడలింపు నిచ్చినది. గనులలో యంత్రములు పెరిగిన మాట నిజమే. స్త్రీ దేహము మాత్రము ఏమియు మారలేదు గదా! నియమమును ఎవరు చేసిరి, దానివలన ఎవరికేమి దక్కినది, ఎవరికేమి పోయినది అని విచారించుట చదువు గాక మరేమి?

ఇక లైంగికత. ఇది పరదేశపు సరకు అనువారికి ఒక తెలుగు పుస్తకపు కథ చెప్పెదను. 18వ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానములో ముద్దుపళని యను విదుషి ‘రాధికాసాంత్వనము’ రచించినది. స్త్రీ కోరికను స్త్రీయే పలికిన శృంగారకావ్యమది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానిని నిరసించిరి. వితంతువులకొరకు అంత పోరాడిన మహనీయులు ఇచట ఆగిపోవుట ఆలోచింపదగిన విషయము. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారిచే అచ్చువేయించిరి. పురుషకవులు ఇంతకంటె పచ్చిగా వ్రాసినవి గౌరవము పొందుచుండగా, సిగ్గు స్త్రీజాతికి మాత్రమేనా యని ఆమె నిలదీసిరి. ఆంగ్లప్రభుత్వము గ్రంథమునే నిషేధించినది! ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా నున్నకాలమున ఆ నిషేధము తొలగినది. 1952లో పుస్తకము మరల వెలువడినది. సూసీ తారు, కె. లలిత గార్లు 1991లో ప్రకటించిన భారతీయ స్త్రీల రచనల సంకలనపు పీఠికవలన ఈ వృత్తాంతము దేశదేశముల విద్యార్థులకు తెలిసినది. మన అలమారలలో ఏ పుస్తకము ఉండవచ్చును, ఏది ఉండరాదు అను తగవు గ్రంథాలయమునకు క్రొత్తది కాదు.

ఈ అధ్యయనము స్త్రీలతోనే ఆగదు. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, ఒక చట్టము వచ్చినది. దానిప్రకారము హిజ్రాల పేర్లను రిజిస్టరున కెక్కించిరి. స్త్రీవేషమున వీధిలో కనబడినను, ఆడిపాడినను వారెంటు లేకయే పట్టుకొనవచ్చును. ఆ చట్టమును తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసినది. నూరేండ్లు దాటినవి! ఇంతకాలము దానిని గూర్చి చదివినవారు, అడిగినవారు ఎందరుండిరి?

ఇంజనీరింగువలె చేతికి కొలువు నందించు చదువు కాదిది. తలిదండ్రులకు ఆ మాట దాచను. కాని పిల్ల ఇష్టపడి చేరెదనన్నచో పరువు పేరిట అడ్డుపడవలదని నా మనవి.

హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనవారు తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలను కలసి, వారి నోటిమాటలను వ్రాసికొని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథము వెలువరించిరి. అట్టి పనికి పట్టా అక్కరలేదు. సమ్మెకాలమున పొయ్యి ఎట్లు వెలిగినదో, రాత్రి షిఫ్టునకు పోయిన మనిషి తెల్లవారినను రానినాడు ఇల్లు ఎట్లుండెనో చెప్పగల ముసలమ్మలు మన కాలనీలలో ఇంకను ఉన్నారు. కార్యవర్గమువారు ఒక లావుపాటి నోటుపుస్తకమును కొని, చదువుకొన్న ఇద్దరు పిల్లల చేతికిచ్చి, ఈ వేసవిలోనే వారియొద్దకు పంపవలెనని కోరుచున్నాను. పుస్తకపు ఖర్చు నేను భరించెదను.