మేటి ఆటగానిని జట్టు వదలుకొనుట ఎందుకు?

జట్టునకు ప్రాణమువంటివాడని పేరుపొందిన ఆటగానిని ఆ జట్టే మరియొకరికి అప్పగించినదన్న వార్త వెలువడినపుడు, అభిమానులకు మొదట కలుగునది ఆశ్చర్యము, తరువాత ఆగ్రహము. ఇంటి దీపమును పొరుగింటి కిచ్చివేసినారని వాపోవుదురు. పెదకాకాని రచ్చబండలమీదనైనను, గుంటూరు కాఫీ హోటళ్ళలోనైనను ఇట్టి వాదములు మనము వినుచునే యున్నాము. ఇది అవివేకమా, వ్యాపారమా, లేక దూరదృష్టియా? నేడు కొంత విచారింతము.

ఈ విషయమున లోకమునకు బాగుగా జ్ఞాపకమున్న ఉదాహరణము కెనడా దేశపు మంచు హాకీలో కలదు. ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు వేన్ గ్రెట్స్కీ నాయకత్వమున 1984, 1985, 1987, 1988 సంవత్సరములలో స్టాన్లీ కప్పును గెలుచుకొనెను. నాలుగవ విజయము కలిగి మూడు నెలలైనను కాకమునుపే, 1988 ఆగస్టు 9వ తేదీన, ఆయనను లాస్ ఏంజిలిస్ కింగ్స్ జట్టున కిచ్చివేసిరి. బదులుగా ఒకటిన్నర కోటి డాలర్లును, ఇద్దరు యువకులును, రాబోవు సంవత్సరములలో కొత్త ఆటగాండ్రను ముందుగా ఎన్నుకొను హక్కులు మూడును వచ్చినవి. గ్రెట్స్కీ విలేఖరుల యెదుట కంట తడిపెట్టెను. ప్రభుత్వమే అడ్డుపడవలెనని ఒక పార్లమెంటు సభ్యుడు కోరెను. అయినను రెండేండ్లకే, 1990లో, ఆయన లేకుండగనే ఎడ్మంటన్ జట్టు మరల కప్పు గెలిచెను. లాభమే కలిగినదందమా? అటుపిమ్మట 2025 వరకు ఆ కప్పు ఆ ఊరి మొగము చూడలేదు. కావున ఒక్క యేటి ఫలితమునుబట్టి తీర్పు చెప్పుట తగదు.

ఇక మన ముంగిటి ఉదాహరణమునకు వత్తము. శిఖర్ ధావన్ 2013 మొదలు హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టున ఆరంభ ఆటగాడు. ఆ జట్టు కప్పు గెలిచిన 2016లో 501 పరుగులు చేసెను; 2018లో 497. అట్టివానిని 2018 నవంబరులో ఢిల్లీ జట్టున కిచ్చి, విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ అను మువ్వురను పుచ్చుకొనిరి. దీనికి కారణము లేమి?

మొదటిది డబ్బుసంచి. ఈ పోటీలలో ఏ జట్టైనను ఆటగాండ్రపై ఇంతకుమించి వ్యయము చేయరాదని కట్టడి కలదు. 2018లో ఆ మితి 80 కోట్ల రూపాయలు. అమెరికా, కెనడాల హాకీలో సయితము 2005 నుండి ఇట్టి కట్టడి యున్నది. ఒకనికి హెచ్చుగా ఇచ్చినచో ఇంకొకనికి కోత తప్పదు.

రెండవది ఆటగాని మనస్సు. 2018 వేలములో వేరొకరు పాడిన 5 కోట్ల 20 లక్షల ధరకే హైదరాబాదువారు తమకు గల హక్కుచే ధావన్‌ను నిలుపుకొనిరి. ఆ మొత్తము ఆయనకు తృప్తి నీయలేదని జట్టువారే పిమ్మట ప్రకటించిరి. పెంచుదమన్నను నియమము లొప్పవు. మనస్సు నిలువనివానిని బలిమిని నిలుపుటవలన ఇరువురకును మేలు లేదు.

మూడవది సమతూకము. కాడి కట్టిన రైతున కీ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. జతలో ఒక ఎద్దు మిక్కిలి బలముగలదై, రెండవది బక్కదైనచో కాడి ఒరగును. సాలు వంకర పోవును. ఒంగోలు గిత్త లెంత ఘనమైనవైనను జత కుదిరినప్పుడే బండ కదలును. హైదరాబాదునకు మధ్యవరుసలో ఆడువారు కొరతగానుండిరి. ఆరంభమునకో, నిషేధము తీరి డేవిడ్ వార్నర్ మరల రానుండెను. ఉన్నచోటి మిగులును లేనిచోటికి మార్చుకొనిరి.

నాలుగవది అదను. గుంటూరు యార్డునకు మిరపకాయలు తోలు రైతు, ఇప్పుడే అమ్మవలెనా, శీతల గిడ్డంగిలో నిలువయుంచి ధరకై వేచియుండవలెనా యని తర్కించుకొనును. జట్టువారి తర్కమును అట్టిదే. ఒప్పందము ముగిసినచో ఆటగాడు వెళ్ళిపోవును, చేతికేమియు రాదు. వయస్సు ముదిరినచో వెల తగ్గును. ధావన్‌కు నాటికి ముప్పది రెండేండ్లు, అభిషేక్‌కు పదునెనిమిది.

ఫలిత మేమైనది? మొదట అంతయు ఢిల్లీవారికే లాభముగ కన్పట్టెను. ధావన్ 2019లో 521 పరుగులును, 2020లో 618 పరుగులును చేసెను. 2019లో విశాఖపట్టణమున జరిగిన పోటీలో హైదరాబాదును ఇంటికి పంపినది ఢిల్లీయే. 2020లో ఫైనలునకు అడ్డునిలిచి ఓడించినదియు ఢిల్లీయే. ఆనాడు ధావన్ 78 పరుగులు చేసెను. అభిమానుల ఆగ్రహము సకారణమే యనిపించెను. కాని ఆ మువ్వురిలో అందరికంటె తక్కువ వెలకు, 55 లక్షలకు, వచ్చిన బాలుడు 2024లో 484 పరుగులు చేసి జట్టును ఫైనలు చేర్చుటలో ముఖ్యుడయ్యెను. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్ మైదానమున 55 బంతులలో 141 పరుగులు చేసెను. ఆరేండ్లు పోయినపిదప గాని ఆ బేరము నిజమైన విలువ తేలలేదు.

అట్లని వదలుకొనుట యెల్లప్పుడును తెలివి యనరాదు. మన గుంటూరులో జన్మించిన అంబటి రాయుడును ముంబయి జట్టు 2018కి ముందు వదలుకొన్నది. చెన్నైవారు 2 కోట్ల 20 లక్షల కాయనను తీసికొనిరి. ఆ యేడే ఆయన 602 పరుగులు చేసెను; కప్పు చెన్నైకి దక్కెను.

మన చెడుగుడునకు కొత్త రూపమైన కబడ్డీ పోటీలలోను ఇదే పాఠము కనిపించును. తెలుగు టైటన్స్ జట్టు 2023 వేలములో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చి కొనెను. కూతకు పోవువారిలో ఆయన మేటి. అయినను ఆ పోటీలలో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచెను. కూతకు పోయినవాడు పాయింట్లు తేగలడు గాని, ఎదుటివాడు కూతకు వచ్చినపుడు పట్టుపట్టుటకు తక్కినవారందరును కావలెను గదా! 2025లో ఆయన లేకుండగనే టైటన్స్ ప్లేఆఫ్ పోటీలకు చేరి, ఫైనలునకు ఒక్క మెట్టు దూరమున ఆగిరి.

ఇంతవరకు ఎద్దులతోను, మిరపకాయలతోను పోల్చి చెప్పితిమి. ఈ పోలిక కొక హద్దు కలదు. ఎద్దును అమ్మునపుడు దాని యిష్టము నెవ్వరును అడుగరు. ఆటగాడు మనుష్యుడు, ఆతనికి ఇల్లు కలదు, అభిమానము కలదు. మన క్రికెట్ పోటీలలో ఆటగాని సమ్మతి లేక మార్పిడి సాగదను నియమము అందువలననే మెచ్చదగినది. అతనితో ముందుగా మాటలాడక, వార్తాపత్రికచే అతనికి తెలియజేయు యజమాని లెక్కలో గెలిచినను మర్యాదలో ఓడినవాడే.

కావున ఇకమీదట ఇట్టి వార్త వినినపుడు వెంటనే కోపింపక మూడు ప్రశ్నలు వేసికొందము. జట్టునకు కొరతయైన దేమి? వచ్చినవారు ఆ కొరతను తీర్చగలరా? వెళ్ళువాడు తన యిష్టముతోనే వెళ్ళుచున్నాడా? ఈ మూడింటికిని మంచి సమాధానములు దొరకినచో ఓపిక పట్టుదము. దొరకనిచో మన కోపము న్యాయమైనదే. అభిమానికి ప్రేమించు హక్కుతోపాటు లెక్క అడుగు హక్కును కలదు.