వేసవికి పొట్టిచేతుల నూలు చొక్కా
(ప్రసంగ పాఠము)



మంచినీరు, వీధిదీపములు, మురుగుకాలువలు చర్చించు సభలో చొక్కాను గూర్చి మాట్లాడుట మీకు వింతగా తోచవచ్చును. అయినను గ్రామమున పనిచేయువారి ఆరోగ్యమునకును, మగ్గముపై బ్రతుకు కుటుంబముల జీవనమునకును ఈ చిన్న వస్త్రముతో దగ్గరి సంబంధము కలదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వేసవి దుస్తులను గూర్చి ఆలోచించుట విలాసము కాదని దీనివలన తెలియును.

చెమట ఆరినప్పుడే ఒడలు చల్లబడును. సాధారణమైన గాలిలో నూలుగుడ్డ తన బరువులో నూటికి సుమారు 8 పాళ్ల తేమను ఇముడ్చుకొనును. పాలియెస్టరు ఒక పాలులో సగమైనను ఇముడ్చుకొనజాలదు. అందుచేతనే అట్టి చొక్కా తొడిగినవానికి ఉక్క మెండు. పైగా నిప్పు సోకినచో పాలియెస్టరు కరగి చర్మమునకు అంటుకొనును. నూలు కాలునే గాని కరగదు. నీటి పంపుల వద్ద, విద్యుత్తు మీటల వద్ద పనిచేయువారు ఈ సంగతి మరువరాదు.

పాలియెస్టరు త్వరగా ఆరును, ముడుత పడదు, చాలకాలము మన్నును. ఇవి నిజములే. కాని వేసవి నెలలలో ఒంటికి హాయి ముఖ్యము. నూలు చొక్కాను తడిగా నున్నప్పుడే దులిపి, సాపుచేసి, నీడను ఆరవేసినచో ముడుతలు చాలవరకు తగ్గును. గంజి మాత్రము పలుచగా పెట్టవలెను. చిక్కని గంజి గాలి చొరనీయదు.

నూలని చెప్పి అమ్మునదంతయు నూలు కాదు. గుడ్డ అంచున రెండు పోగులు లాగి, గుడ్డకు దూరముగా దీపమునకు చూపుడు. నూలు కాగితమువలె మండి మెత్తని బూడిద యగును. పాలియెస్టరు ముడుచుకొని గట్టి పూసవలె మిగులును. చేనేత గుడ్డయైనచో 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్కు ఉన్నదేమో చూడుడు.

36 అంగుళముల పన్నా గల గుడ్డ 2.25 మీటర్లు ఉన్నచో మధ్యరకపు మనిషికి పొట్టిచేతుల చొక్కా వచ్చును. కత్తిరించుటకు ముందు గుడ్డను రాత్రియంతయు నీటిలో నానవేసి ఆరబెట్టవలెను. లేనిచో మొదటి ఉతుకులోనే చొక్కా కుదించుకొనిపోవును. ఛాతీ కొలతకు 4 లేక 5 అంగుళములు అదనముగా ఉంచి, చంకలు వదులుగా కుట్టుమని దర్జీకి చెప్పుడు. లేత రంగు ఎండకు మేలు.

ఒక హెచ్చరిక. పొట్టిచేతులు కార్యాలయమున, నీడపట్టున పనిచేయువారికే తగును. చేలలో, చెరువు పూడిక పనులలో ఎండకు నిలుచువారికి వదులైన నిండుచేతుల నూలు చొక్కా, తలపాగా అవసరము.

ఇట్టి గుడ్డకు మన ప్రాంతమున కొరత లేదు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్నని నూలు వడకెడి నేర్పు ప్రసిద్ధము. మంగళగిరి నేతగాండ్ర నూలుగుడ్డయు పేరుగాంచినదే. 2019-20 నాటి అఖిల భారత చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైగా పనివారు లెక్కకు వచ్చిరి. వారిలో స్త్రీలే అధికము. వారికి కావలసినది జాలి కాదు, క్రమముగా వచ్చు గిరాకీ.

కావున మేము కోరునది ఒక్కటే. మీ పంచాయతీ సిబ్బందికి దుస్తులు ఇచ్చునప్పుడు పురుషులకు నూలు చొక్కాలు, స్త్రీలకు నూలు చీరలు, రవికెలు ఇచ్చునట్లు తీర్మానింపుడు. సంక్రాంతి నాటికే కొలతలు తీసి, సమీపమున నున్న చేనేత సహకార సంఘమునకు గుడ్డ పురమాయింపుడు. మగ్గముపై నేతకు వ్యవధి కావలెను. ఉగాదికి అడిగిన గుడ్డ ఎండలు ముదిరిన పిదప గాని చేతికి రాదు. కుట్టుపని ఊరి దర్జీలకే అప్పగింపుడు. పంచాయతీ సొమ్ముతో పనివారికి సుఖము, నేతవారికి పని, దర్జీకి కూలి ఒక్కసారే లభించును.